అఫ్రీన్‌కి శాలువా

ఆ ఆలోచన తట్టినప్పుడు మహాలక్ష్మి తన తెలివికి తనే మురిసిపోయింది. కొట్టిన చేత్తోనే శాలువా కప్పిస్తే పోలేదూ? నర్సుల దినోత్సవం ఎలాగూ వస్తోంది. ఆస్పత్రిలో సభ పెడతారు, షామియానా వేస్తారు, ఎవరో ఒక పెద్దమనిషిని పిలిచి నర్సులకు సన్మానం చేయిస్తారు. ఆ పెద్దమనిషి ఈసారి గోవర్ధనరావే అయితే, ఆయన మైకులో తప్పయిపోయిందని నాలుగు ముక్కలు చెప్పి అఫ్రీన్ భుజాల మీద శాలువా కప్పితే, పిల్లకు పోయిన మర్యాద పదిమందిలో తిరిగి వస్తుంది. ఆయన పరువూ నిలబడుతుంది. ఇంక పోలీసులతో, కోర్టులతో పనేముంది? మన దివిసీమలో తగాదాలు తీరేది ఇలాగే. నోటికొచ్చినట్టు తిట్టినవాడే నెల తిరక్కుండా అదే మనిషి ఇంట్లో గృహప్రవేశానికి వెళ్ళి శాలువా కప్పుతాడు, పక్కపక్కన నిలబడి ఫొటో దిగుతారు, దాంతో సరి. శాలువాకు లొంగని కోపం లేదని మనవాళ్ళకు గట్టి నమ్మకం.

తిట్టు వేరు, దెబ్బ వేరు అన్న సంగతి ఆవిడకు అప్పుడు తట్టలేదు.

మహాలక్ష్మి అవనిగడ్డలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి హెడ్ నర్సు. నోరు పెద్దది. ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తే కుర్ర డాక్టర్లు కూడా ఫోన్లు జేబులో పెట్టుకుంటారు. అయితే ఆ నోరు ఎవరి ముందు లేస్తుంది, ఎవరి ముందు లేవదు అన్నది కూడా చూడాలి. కింది నర్సుల మీద, ఆయాల మీద బ్రహ్మాండంగా లేస్తుంది. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా ఒకటి కారు దిగితే మాత్రం అణిగిపోతుంది. ఇది ఆవిడ ఒక్కదానికే ఉన్న జబ్బు కాదుగానీ, ఆవిడలో కాస్త ముదిరింది.

జరిగింది ఇదీ. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం, నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులున్న గోవర్ధనరావు తన తల్లి వెంకాయమ్మను కారులో తీసుకొచ్చాడు. ముసలావిడకు ఊపిరి అందడం లేదు. ఆ కారు వెనక ఇంకో కారు, దాని వెనక మోటారు సైకిళ్ళు. వచ్చినవాళ్ళంతా క్యాజువాలిటీలోకి తోసుకొచ్చారు. లోపల నర్సు అఫ్రీన్ ఒక్కతే ఉంది. డ్యూటీ డాక్టరు పైన వార్డులో ఉన్నాడు. గుమ్మంలో ఉండాల్సిన సెక్యూరిటీ రాజబాబు డాక్టరుగారి ఇంటికి క్యారేజీ తేవడానికి వెళ్ళాడు. మన ఆస్పత్రుల్లో సెక్యూరిటీ అంటే క్యారేజీ తేవడం, కారు తుడవడం, మొక్కలకు నీళ్ళు పోయడం. ఇవన్నీ అయ్యాక తీరిక ఉంటే కాపలా.

"కొంచెం బయట నిలబడండి సార్, గాలి ఆడనివ్వండి, ఆక్సిజన్ పెడతాను" అని అఫ్రీన్ బతిమాలింది. ఎవరూ కదల్లేదు. తలుపు వేసుకుందామంటే దానికి లోపల గడియ లేదు. మంచం దాకా దారి చేసుకుంటూ ఆ అమ్మాయి గోవర్ధనరావును కూడా జరగమంది.

"నన్ను బయటికి పొమ్మంటానికి నువ్వెవత్తివే? ముందు డాక్టర్ని పిలవ్వే" అని ఆయన చెయ్యి ఎత్తి కొట్టాడు. దెబ్బ చెంపకూ ఎడమ చెవికీ కలిపి తగిలింది.

కేకలు విని మెట్లు దిగి వచ్చిన మహాలక్ష్మి అప్పటికి గుమ్మంలో ఉంది. కొట్టడం కళ్ళారా చూసింది. చూసి ఏం చేసింది? తిన్నగా వెళ్ళి గోవర్ధనరావు చేతులు రెండూ పట్టుకుంది. "సారీ అండీ, చిన్నపిల్లండీ, మీరెవరో తెలీదండీ దానికి, ఏమనుకోకండి" అంది. ఆవిడ అలా అంటూ ఉండగానే, పక్కన అఫ్రీన్ ఒక భుజంతో చెవిని అదుముకుంటూ వెంకాయమ్మ మొహానికి మాస్కు బిగిస్తోంది. ముసలావిడ గండం గడిచింది. రెండు రోజులుండి ఇంటికి వెళ్ళిపోయింది.

అఫ్రీన్ కంప్లైంటు ఇస్తానంది. ఆస్పత్రి యజమాని డాక్టర్ ఆంజనేయులు మహాలక్ష్మిని గదిలోకి పిలిచి తలుపు వేయించాడు.

"పేపర్లో పడితే మనకేం బావుంటుందండీ? లంక గ్రామాల్లోంచి వచ్చే పేషెంట్లంతా ఆయన మాట మీద వచ్చేవాళ్ళే. ఆ అమ్మాయి మీ మాట వింటుంది. మీరే ఎలాగో సర్దండి" అన్నాడు.

మీ మాట వింటుంది అన్న ముక్క మహాలక్ష్మికి తీపిగా తగిలింది. అప్పుడే ఆ శాలువా ఆలోచన వచ్చింది. డాక్టరు కూడా "భేష్" అన్నాడు.

సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిపోయిన అఫ్రీన్ కోసం ఆవిడ బస్సెక్కి బందరు వెళ్ళింది. ఆ అమ్మాయి తండ్రి కాలేషా చిలకలపూడిలో కవరింగు నగలకు మెరుగు పెడతాడు. పని మానుకుని ఇంటికొచ్చి, ఆవిడను ఫ్యాను కింద కూర్చోబెట్టి, కూల్‌డ్రింకు తెప్పించాడు. మహాలక్ష్మి తాగి మొదలుపెట్టింది. ఆడపిల్ల, స్టేషను, రేపు సంబంధాలు, ఊళ్ళోవాళ్ళ నోళ్ళు. ఆ మాటలన్నీ మనందరికీ కంఠతా వచ్చినవే కాబట్టి మళ్ళీ చెప్పక్కర్లేదు. తన కథ కూడా చెప్పింది. కొత్తగా గుడివాడలో ఒక నర్సింగుహోములో చేరినప్పుడు ఎవరో తాగొచ్చి ఇంజక్షన్ల ట్రే తీసి మొహాన కొట్టాడు. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని, పక్క మంచానికి వెళ్ళి ఇంజక్షను చేసింది. ఆ సంగతి కొత్తగా వచ్చిన ప్రతి నర్సుకూ ఆవిడ గొప్పగా చెబుతుంది.

"ఇవాళ హెడ్ నర్సునయ్యానంటే ఆ ఓర్పు వల్లే" అంది.

"మిమ్మల్ని కొట్టినప్పుడు ఎవరూ రాలేదా మేడమ్?" అని అడిగింది అఫ్రీన్.

"ఎవరొస్తారమ్మా?"

అఫ్రీన్ ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. ఆ చూపు మహాలక్ష్మికి నచ్చలేదు. గబగబా సభ సంగతి చెప్పేసింది.

"ఆయన తప్పయిందని అంటాడా?" అంది అఫ్రీన్.

"మైకులో అంటాడు. అందరి ముందూ. నాది పూచీ."

"తలుపుకు గడియ?"

"అదీ పెట్టిస్తాను."

కాలేషా కూతురి వైపు తిరిగి, "మేడమ్ గారు ఇంత దూరం వచ్చి చెబుతున్నారు కదా తల్లీ" అన్నాడు. ఆడపిల్ల మీద చెయ్యి చేసుకున్నవాడు పదిమందిలో తప్పు ఒప్పుకుంటాడంటే ఆయనకు అంతకన్నా పెద్ద న్యాయం కనిపించలేదు. అఫ్రీన్ సరేనంది. బస్సులో తిరిగొస్తూ మహాలక్ష్మి చల్లపల్లి దాకా హాయిగా నిద్రపోయింది.

ఆ హాయి ఎన్నాళ్ళో లేదు. డ్యూటీలో చేరాక అఫ్రీన్ ఫోను కుడి చెవికే పెట్టుకుంటోందని మహాలక్ష్మి కనిపెట్టింది. ఎడమవైపు నుంచి పేషెంటు పిలిస్తే పలకడం లేదు. స్టెతస్కోపు పెట్టి బీపీ చూడాల్సి వస్తే పక్క నర్సును బతిమాలుకుంటోంది. ఒకరోజు నిలదీస్తే, బందరులో చెవి డాక్టరు కర్ణభేరికి చిల్లు పడిందన్నాడనీ, మానుతుందో ఆపరేషను కావాలో కొన్నాళ్ళు ఆగి చూడమన్నాడనీ చెప్పింది.

"ఆ రోజే చెప్పలేదేం?" అని మహాలక్ష్మి కసిరింది.

"మీరు అడగలేదు మేడమ్."

నిజమే. బందరు దాకా వెళ్ళి, కూల్‌డ్రింకు తాగి, గంటసేపు మాట్లాడి, దెబ్బ ఎలా ఉందమ్మా అని అడగలేదు. నర్సు కదా తను! ఎవరికైనా గోరు చుట్టు వాస్తే కూడా మందు చెబుతుంది.

అప్పటి నుంచి అఫ్రీన్ ఎదురుపడితే మహాలక్ష్మి పక్క వార్డులోకి తప్పుకునేది. తప్పు చేసినవాళ్ళు చేసే పనులన్నీ చేసింది. తేలిక డ్యూటీలు వేసింది. మోపిదేవి రోడ్డులో ముంజలు అమ్ముతుంటే కొని తెచ్చి ఆ అమ్మాయి బల్ల మీద పెట్టింది. అఫ్రీన్ థాంక్స్ చెప్పి, వాటిని ఆయాలతో సహా అందరికీ పంచేసి, ఒకటి తెచ్చి మహాలక్ష్మి చేతిలో కూడా పెట్టింది. ఆ ముంజ గొంతు దిగడానికి ఆవిడ నానా తంటాలూ పడింది.

గడియ సంగతి డాక్టరు దగ్గర ఎత్తితే ఆయన నవ్వాడు. "గడియ పెడితే ఇది ఆస్పత్రా, లాకప్పా అంటారండీ జనం. ఫంక్షన్ అవనివ్వండి, చూద్దాం" అన్నాడు.

ఫంక్షను రానే వచ్చింది. కింద పార్కింగులో కార్లు తీయించి షామియానా వేశారు. మే నెల ఎండకు కూలర్లు తెచ్చి పెట్టారు, అవి కూడా వేడిగాలే కొడుతున్నాయి. ఫ్లెక్సీలో గోవర్ధనరావు నిలువెత్తున దణ్ణం పెడుతున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర వరసగా నర్సుల ఫొటోలు, ఒక్కొక్కటీ తపాలా బిళ్ళంత. ఆస్పత్రి సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే కేసు పెడతారు, జైలు శిక్ష పడుతుంది అని క్యాజువాలిటీ గుమ్మం పక్కన ఒక బోర్డు ఉంది. రాజబాబు ఫ్లెక్సీని సరిగ్గా దాని మీదే కట్టాడు. పాపం, మేకులు అక్కడే ఉన్నాయి మరి.

కాలేషా ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే బస్సుకు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మహాలక్ష్మి కనిపించగానే లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆయన మొహంలో ఉన్న నమ్మకం చూస్తే ఆవిడకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. ఎందుకంటే ఆవిడకు అప్పటికే ఒక అనుమానం పట్టుకుంది. గోవర్ధనరావుతో ఆ తప్పయిపోయింది అన్న మాట గురించి ఎవరు మాట్లాడారు? తను డాక్టరుకు చెప్పింది. డాక్టరు ఆయనకు చెప్పాడా?

ఉండబట్టలేక డాక్టరు గదిలోకి వెళ్ళింది. గోవర్ధనరావు మజ్జిగ తాగుతున్నాడు. మర్యాదగానే పలకరించాడు. మనిషి రాక్షసుడేం కాదు, తల్లికి జ్వరం వస్తే చెరువు గట్టు మీద నుంచి పరిగెత్తుకొచ్చే కొడుకే.

"అమ్మగారు ఎలా ఉన్నారండీ?" అంది మహాలక్ష్మి.

"దేవుడి దయవల్ల బావుంది. మీ ఆస్పత్రి చలవ."

"అఫ్రీన్ అని ఆ అమ్మాయండీ, ఆ రోజు..."

"ఏ అమ్మాయి?" అన్నాడాయన. దాచుకుని అన్నది కాదు. నిజంగానే గుర్తు లేదు.

డాక్టరు మధ్యలో అందుకున్నాడు. "ఏం లేదండీ, స్టాఫ్ సంగతి. మహాలక్ష్మి గారూ, మీరు వెళ్ళి మైకు చూసుకోండి." వెనకే గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించి, "శాలువా కప్పితే అపాలజీ చెప్పినట్టే కదండీ. మళ్ళీ నోటితో కూడా చెప్పమంటే ఏం బావుంటుంది? పెద్దమనిషి" అన్నాడు.

ఆవిడ అప్పుడే అఫ్రీన్ దగ్గరికి వెళ్ళి, ఆయన అనడు, నువ్వు స్టేజీ ఎక్కకు అని చెప్పొచ్చు. చెప్పలేదు. నాలుగడుగులు వేసి, కాలేషాను చూసి, ధైర్యం చాలక మైకు దగ్గరికి వెళ్ళిపోయింది. సభ నడిపేది ఆవిడే. నోరు పెద్దది కదా, ఏటా ఆవిడకే అప్పజెబుతారు.

నర్సులు దేవతలన్నారు. తల్లులన్నారు. డాక్టరు అన్నాడు, గోవర్ధనరావు అన్నాడు, ఎవరో రిటైరైన మాస్టారు పద్యం కూడా చదివాడు. ఒక్కరూ జీతానికి పనిచేసే మనుషులనలేదు. చప్పట్లు మోగాయి. మహాలక్ష్మి ఒక్కొక్క పేరూ పిలుస్తోంది, ఒక్కొక్కరూ వచ్చి శాలువా కప్పించుకుని ఫొటో దిగి వెళ్తున్నారు. అఫ్రీన్ పేరు దాటేద్దామా అనుకుంది. అయినా పిలిచింది.

అఫ్రీన్ మెట్లెక్కి వచ్చి నిలబడింది. గోవర్ధనరావు వైపు కాదు, మహాలక్ష్మి వైపు చూసింది. ఆయన ఇప్పుడు అంటాడా అని అడుగుతున్న చూపు అది. గోవర్ధనరావు శాలువా విప్పి రెండు చేతులూ పైకెత్తాడు. అంతే, ఆ పిల్ల మెడ ముడుచుకుపోయింది. చెయ్యి తనంతట తనే లేచి ఎడమ చెవిని కప్పేసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

జనం నవ్వారు. సిగ్గనుకున్నారు.

"చెయ్యి తియ్యమ్మా, మొహం కనబడట్లేదు" అన్నాడు ఫొటోగ్రాఫరు.

ముందు వరసలో కాలేషా నవ్వలేదు. మహాలక్ష్మికి ఆ క్షణంలో తన మీద తనకు వేసిన అసహ్యం అంతా ఇంతా కాదు. ఆ పిల్లను దెబ్బ ముందు రెండోసారి నిలబెట్టింది తనే. మొదటిసారి కొట్టినవాడి చేతులు పట్టుకుని బతిమాలింది, ఈసారి పేరు పెట్టి పిలిచి మరీ నిలబెట్టింది.

"గోవర్ధనరావు గారూ, ఒక్క నిమిషమండీ" అంది. మైకు చేతిలోనే ఉంది, అందరికీ వినిపించింది. "కప్పే ముందు మీరొక మాట అనాలండీ. అంటారని ఈ అమ్మాయికి నేను మాటిచ్చాను."

"ఏ మాటండీ?"

"కొట్టినందుకు తప్పయిపోయిందని."

గోవర్ధనరావుకు అప్పుడు గుర్తొచ్చింది. మొహం ఎర్రబడింది. "ఇదేంటి డాక్టరు గారూ, పిలిచి అవమానిస్తారా? మా అమ్మ ప్రాణం మీదికొచ్చినప్పుడు కంగారులో చెయ్యి తగిలిందేమో. దానికింత రాద్ధాంతమా?"

"మహాలక్ష్మి గారూ, మీరు దిగండి" అన్నాడు డాక్టరు. ఎవరో మైకు ఆపేశారు.

అఫ్రీన్ చెవి మీద నుంచి చెయ్యి తీసింది. "తగల్లేదు సార్. కొట్టారు" అంది. గొంతు పెంచలేదు, అయినా ముందు వరసల దాకా వినిపించింది. స్టేజీ దిగి, తండ్రి చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది. మిగిలిన నర్సుల్లో కొందరు లేచి నిలబడ్డారు, కొందరు డాక్టరు మొహం చూసి కూర్చున్నారు.

మహాలక్ష్మి వెనకే పరిగెత్తింది. గేటు బయట, ఎండలో, వాళ్ళను అందుకుంది.

"ఆయన చేత అనిపిద్దామనే అనుకున్నానమ్మా..."

"ఆయన సంగతి వదిలెయ్యండి మేడమ్" అంది అఫ్రీన్. ఆ అమ్మాయికి కోపం రావడం మహాలక్ష్మి ఎప్పుడూ చూడలేదు. "ఆయనెవరో నాకు తెలీదు. మీరు తెలుసు. ఆ రోజు మీరొస్తుంటే చూసి, అమ్మయ్య, మేడమ్ వచ్చేశారు అనుకున్నాను. మీరు వెళ్ళి ఆయన చేతులు పట్టుకున్నారు. నా వైపు చూడనైనా చూడలేదు. ఆయనకు చెప్పారు సారీ. నాకు ఇవాళ్టి దాకా ఎవరూ చెప్పలేదు, మీరు కూడా."

కాలేషా నేల చూస్తూ, "మీ మాట మీద ఊరుకున్నామండీ మేడమ్ గారూ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

"తప్పయిపోయిందమ్మా" అంది మహాలక్ష్మి. పర్లేదు మేడమ్ అంటుందేమోనని లోపల ఎక్కడో ఆశ. అఫ్రీన్ అనలేదు.

"నేను స్టేషన్‌కు వెళ్తున్నాను. మిమ్మల్ని రమ్మని అడగను" అని ఆటో ఆపింది. తండ్రీకూతుళ్ళు ఎక్కారు. అడక్కుండానే మహాలక్ష్మి కూడా ఎక్కింది. వెనక డాక్టరు ఆవిడ పేరు పెట్టి పిలుస్తున్నాడు. రేపటి నుంచి ఉద్యోగం ఉండదని ఆవిడకు తెలుసు. భయం వేసింది కూడా. కానీ ఆ పిల్ల పక్కన చోటు ఖాళీగా వదిలేసి తిరిగి షామియానాలోకి వెళ్ళడం అంతకన్నా భయంగా ఉంది.

ఎస్సై కుర్రవాడే. ముగ్గురికీ కుర్చీలు వేయించి, అఫ్రీన్ చెప్పిందంతా సావధానంగా విన్నాడు. చెవి డాక్టరు చీటీ చూశాడు. కంప్లైంటు రాయడం మొదలుపెట్టి, "చూసినవాళ్ళెవరైనా ఉన్నారామ్మా? ఆయన మనుషులు కాకుండా?" అని అడిగాడు.

అఫ్రీన్ చెవి డాక్టరు చీటీ తిరిగి తీసుకుని మడత పెట్టుకుంది. పక్కకు తిరిగి చూడలేదు. పేరు చెబితే ఈవిడ నిలబడుతుందో, మళ్ళీ సర్దుకుపొమ్మంటుందో అన్న అనుమానం ఆ మొహంలో స్పష్టంగా కనబడుతోంది. పక్కనే కూర్చున్న మనిషి మీద అంత అనుమానం తెప్పించింది తనేనని మహాలక్ష్మికి ఏడుపొచ్చింది.

"నేను చూశానండీ" అంది. "గుమ్మంలో ఉన్నాను. ఆయన కొట్టడం నేను చూశాను."

ఎస్సై పెన్ను ఆపి ఆవిడ తెల్లకోటు వైపు, దాని మీద ఇంకా పిన్నుతో వేలాడుతున్న సన్మానం పువ్వు వైపు చూశాడు. "మీరు హెడ్ నర్సు కదండీ. కళ్ళారా చూశారు. మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

ఈ ప్రశ్నకు ఆవిడ దగ్గర బోలెడు జవాబులున్నాయి. డాక్టరు చెప్పాడు, ఆడపిల్ల భవిష్యత్తు, ఆస్పత్రి పేరు, లోకం తీరు. రోజూ తనకు తను చెప్పుకుంటున్నవే. ఒకటి నోటిదాకా వచ్చింది కూడా.

"రాజీ కుదురుస్తున్నానండీ" అంది మహాలక్ష్మి.

ఎస్సై మర్యాదకు ఆ ముక్క వదిలేసి కింది పంక్తిలోకి వెళ్ళబోయాడు.

"అది కూడా రాయండి" అంది ఆవిడ.